మన బడి పిల్లలకు ఆళ్వారుస్వామి ఎవరో చెప్పినమా?

పంద్రాగస్టు వస్తె బడిల మైకు కడతరు. ఐదో తరగతి పిల్ల భగత్ సింగ్ మీద మాట్లాడుతది. ఏడో తరగతి పిలగాడు గాంధీ వేషం ఏస్తడు. ఇంకోడు గొంగడి కప్పుకొని కొమురం భీం అయితడు. మంచిదే, ఆ పేర్లు యాదిల ఉండాలె. కాని చాక్లెట్లు పంచి, మైకు ఇప్పేసినంక ఆ పిల్లల మనసుల ఏం మిగుల్తుంది? వీరుడంటె తుపాకి పట్టినోడు, గుర్రమెక్కినోడు, లేకుంటె ఉరికంబం ఎక్కినోడు. మనకు గుర్రం లేదు, తుపాకి అక్కెర లేదు. మరి మేమేం చెయ్యాలె సార్ అని ఒక పిలగాడు లేచి అడిగితె సార్ దగ్గర ఉండేది సాంఘిక శాస్త్రంల ఉన్న జాబితానే. పన్ను కట్టాలె, లైన్ల నిలబడాలె, చెత్త డబ్బాల ఏయాలె. అటు చూస్తె ఉరికంబం, ఇటు చూస్తె చెత్త డబ్బా. రెండింటి నడుమ పిలగాండ్లకు చూపెట్టనీకి మనిషే లేడు.

ఆ నడుమ జాగల వట్టికోట ఆళ్వారుస్వామిని నిలబెట్టాలన్నది నా మాట.

గ్రూప్స్‌కు చదివే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఈ పేరు కొత్తది కాదు. 'ప్రజల మనిషి' నవల రాసిందెవరు అని బిట్టు వస్తది, నాలుగు ఆప్షన్లల్ల ఒక దాని మీద టిక్కు పెడతం, పేజీ తిప్పుతం. ఒక మనిషి బతుకంత ఒక మార్కు కింద పోతది. నవల రాసుడు ఆయన చేసిన పనులల్ల ఆఖరుకు వచ్చేది. అంతకు ముందటి ముచ్చటనే అసలు పాఠం.

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర మాధవరం ఆయన ఊరు. 1915 నవంబర్ 1న పుట్టిండు. ఇంట్ల పేదరికం. చిన్నతనంలనే తండ్రి పోయిండు. ఇగ బడికి పంపేదెవరు? ఆ కాలంల నిజాం రాజ్యంల తెలుగు పిలగాడు చదువుకునుడే కష్టం. సర్కారు బడులు తక్కువ, ఉన్న బడులల్ల పై చదువు ఉర్దూల. సొంతంగ ఒక బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలె. నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా ముందుగాల అర్జీ పెట్టాలె, దానికి గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండె. ఊర్లల్ల వెట్టి సరే సరి. దొర గడి ముందట చెప్పులు ఇడిసి నడిచే కాలం. అక్షరం వస్తె అర్జీ రాస్తరు, అర్జీ రాస్తె లెక్క అడుగుతరు. అందుకే చదువంటె దొరలకు గిట్టకపోయేది.

గసుంటి కాలంల ఈ పిలగాడు ఒక పంతులు ఇంట్ల వంట పనికి కుదిరిండు. వండిపెట్టుడు, కడుగుడు, ఆ పంతులు దగ్గర అక్షరాలు దిద్దుకునుడు. జీతం బదులు చదువు తీసుకున్నడన్నట్టు. తర్వాత హోటల్ల సర్వరు పని చేసిండు. టేబుళ్లు తుడుసుకుంట, చాయ్ గ్లాసులు అందించుకుంట, దొరికిన పేపరు ముక్కనల్ల చదువుకుంట పెరిగిండు. ఇయ్యాల మన ఊరి పిలగాండ్లు పట్నంల హోటళ్లల్ల, డెలివరీ బండ్ల మీద చేసే కష్టం అసుంటిదే. ఈయన ఆ కష్టంల నుంచే చదువు పిండుకున్నడు. డిగ్రీ లేదు, సర్టిఫికెట్ లేదు. ఆఖరు దాంక లేదు.

తర్వాత హైదరాబాద్ చేరిండు. సురవరం ప్రతాపరెడ్డి నడిపే గోలకొండ పత్రికల ప్రూఫులు దిద్దే పని దొరికింది. ప్రూఫులు దిద్దుడంటె ఏందో ఇప్పటి పిల్లలకు తెల్వకపోవచ్చు. సీసం అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చి, ముందుగాల ఒక కాయితం మీద అచ్చు కొట్టి చూస్తరు. దాంట్ల తప్పులు ఏరెటోడు ప్రూఫ్ రీడర్. ఒక్కొక్క అక్షరం కండ్లల్ల వత్తులు ఏసుకొని చూడాలె. వంటింట్ల అక్షరాలు దిద్దుకున్నోడు పండితుల రాతలల్ల తప్పులు దిద్దే కాడికి వచ్చిండు. గోలకొండ పత్రిక కూడ మామూలు జాగ కాదు. తెలంగాణల కవులే లేరు అని ఒకాయన రాస్తె, లేకపోవుడేంది చూడు అని 1934ల 354 మంది కవుల పద్యాలు ఏరి గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు ప్రతాపరెడ్డి. కోపం వస్తె తిట్టుకోకుంట పుస్తకం తెచ్చుడు అన్నమాట. ఆ తొవ్వ ఆళ్వారుస్వామికి మస్తు నచ్చినట్టుంది, బతుకంత దాన్నే పట్టుకున్నడు.

1938ల ఆయన సికింద్రాబాద్‌ల ఒక పని మొదలు పెట్టిండు. దాని పేరు దేశోద్ధారక గ్రంథమాల. గా ఏడాదే ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు కాలం చేసిండు. అమృతాంజనం అమ్మి, ఆ పైసలు పత్రికకు, పుస్తకాలకు పెట్టిన మనిషి. జనం ఆయనను దేశోద్ధారక అని పిలిచేటోళ్లు. ఆయన యాదికి ఈయన తన గ్రంథమాలకు ఆ పేరు పెట్టుకున్నడు. ఆంధ్ర, తెలంగాణ అని మనం ఇయ్యాల కొట్లాడుకునే లెక్కలు ఆయనకు అడ్డం రాలేదు. మంచి పని ఎక్కడ కనపడితె అక్కడి నుంచి పేరు తెచ్చుకున్నడు. అది ఏసింది మాత్రం తెలంగాణ గడ్డ మీద, తెలంగాణ రచయితల కోసం. కాళోజీ కథలు పుస్తకంగ వచ్చింది ఈ గ్రంథమాల నుంచే.

ఇక్కడ ఒక లెక్క ఆలోచించుండ్రి. పెట్టుబడి లేదు. ఆస్తి లేదు. చదివేటోళ్లు తక్కువ, కొనేటోళ్లు ఇంకా తక్కువ. పైన నిజాం సర్కారు కన్ను. అటువంటప్పుడు పుస్తకాల యాపారం ఎట్ల నడుస్తది? ఆయన పుస్తకాలను సంచిల ఏసుకొని, ఆ సంచి మోసుకుంట ఇల్లిల్లు తిరిగిండు. కూరగాయలు అమ్మినట్టు, గాజులు అమ్మినట్టు పుస్తకాలు అమ్మిండు. ఎవలన్న కొంటె సరే. కొనకుంటె ఆ పుస్తకంల ఏముందో చెప్పి ఇంకో ఇంటికి పోయిండు. తక్కువ ధర పెట్టిండు. రాసినోళ్ల ఎనకబడి రాయించుడు, అచ్చుకు ఇచ్చుడు, ప్రూఫులు దిద్దుడు, మోసుడు, అమ్ముడు, మల్ల ఆ వచ్చిన పైసలతోని ఇంకో పుస్తకం. అన్నీ ఆయనే.

పుస్తకాలు అమ్ముడు దేశభక్తి ఎట్లయితది అని ఎవలకన్న అనిపిస్తె గప్పటి తెలంగాణ సంగతి తెల్వాలె. హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901ల పుట్టింది. 1904ల హనుమకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టిండ్రు. సభ పెడితె పోలీసులు వచ్చే రాజ్యంల నలుగురు ఒక తాన కూసునే సాకు గ్రంథాలయం. పేపరు చదివెటోడు ఒకడు, ఇనెటోళ్లు పది మంది. పంటల ముచ్చట మొదలైతది, నాగుల ముచ్చట వస్తది, వెట్టి ముచ్చట వస్తది. ఆ ముచ్చట్లల్ల నుంచే ఆంధ్ర మహాసభ ఊర్లకు పాకింది. 1930ల జోగిపేటల మొదటి సభ జరిగినప్పుడు అది చదువుకున్న పెద్దమనుషుల సభ. పది పదిహేనేండ్లు తిరిగే వరకు ఊర్లల్ల దాన్ని సంగం అని పిలుచుడు మొదలైంది. పెద్దమనుషుల సభ బీదోళ్ల సంగం అయిందంటె నడుమ ఎంత మంది సంచులు మోసిండ్రో లెక్క లేదు. ఆళ్వారుస్వామి వాళ్లల్ల ఒకడు, మనకు పేరు తెలిసినోడు. పేరు తెల్వనోళ్లు ఎందరో.

ఆంధ్ర మహాసభల పని చేసిండు. దుకాణాల గుమస్తాల సంఘం, రిక్షా తొక్కేటోళ్ల సంఘం, ఇట్ల పట్నంల కష్టం చేసెటోళ్ల నడుమ తిరిగిండు. సర్వరు పని చేసినోడికి టేబుల్ తుడిసే చెయ్యి ఎట్ల నొస్తదో ఎవలు చెప్పనక్కెర లేదు కదా.

1942ల క్విట్ ఇండియా లేచింది. ఆళ్వారుస్వామి జైలుకు పోయిండు. బయటకు వచ్చి మల్ల సంచి ఎత్తుకున్నడు. 1946ల కమ్యూనిస్టు పార్టీ మీద నిజాం సర్కారు నిషేధం పెట్టినంక మల్ల పట్టుకుపోయిండ్రు. ఈసారి ఒక నెల కాదు, ఏడాది కాదు. జైళ్లు మార్చుకుంట పోయిండ్రు. నిజామాబాద్ ఖిల్లా జైల్ల దాశరథి కృష్ణమాచార్య ఆయనతోని ఉన్నడు. పండ్లు తోముకోనీకి ఇచ్చే బొగ్గుతోని దాశరథి జైలు గోడల మీద నిజాంను తిట్టుకుంట పద్యాలు రాసేటోడు, దాని కోసం జైలోళ్లతోని బాధలు కూడ పడ్డడు. దాశరథి తన అగ్నిధార పుస్తకాన్ని తర్వాత ఎవలకు అంకితమిచ్చిండో తెలుసా? రాజుకు కాదు, జమీందారుకు కాదు. పుస్తకాలు మోసి అమ్మే ఆళ్వారుస్వామికి. మన పాత కవులు కృతి ఇస్తె అగ్రహారాలు వచ్చేటివి. ఈయన దగ్గర ఇచ్చేటందుకు ఏముంది?

ఇగ అసలు చిక్కు ముచ్చట ఇక్కడనే ఉంది. 1948 సెప్టెంబర్ 17న నిజాం రాజ్యం పోయింది. ఊర్లల్ల జెండాలు లేచినయి. ఆళ్వారుస్వామి జైలు తలుపు మాత్రం తెరుచుకోలేదు. కమ్యూనిస్టులు సాయుధ పోరాటం ఇడవలేదు, కొత్త సర్కారు కమ్యూనిస్టులను ఇడవలేదు. 1950 జనవరి 26న మన రాజ్యాంగం అమల్లకు వచ్చింది. రయ్యత్ అనే పేరు పోయి జనమంత పౌరులయిండ్రు. ఆ పొద్దు ఆళ్వారుస్వామి జైల్లనే ఉన్నడు. 1951 దాంక ఉన్నడు.

ఈ ముక్క బడిల చెప్పాలంటె సార్లు జంకుతరు. నిజాం జైల్ల పెట్టిండంటె చప్పట్లు కొట్టొచ్చు. మన సర్కారే పెట్టిందంటె పిల్లలు ఎందుకు అని అడుగుతరు. అడగనీయండ్రి. సాయుధ పోరాటం 1948 తర్వాత నడుపుడు తప్పా ఒప్పా అన్న దాని మీద ఆ పార్టీ లోపటనే పెద్ద పెద్దోళ్లు రెండు దిక్కులయిండ్రు, తొమ్మిదో తరగతి పిల్ల కూడ దాని మీద తన మాట తాను చెప్పొచ్చు. మంచి పౌరుడు సర్కారు చెప్పిందల్ల ఇనాలెనా, ఎప్పుడు ఎదురు మాట్లాడాలె, ఎదురు మాట్లాడితె ఏం పోతది అన్న పాఠం నీతి సూత్రాలతోని రాదు. ఒక మనిషి బతుకు ముందట పెడితె వస్తది. వీరుల కథలను మనం ముండ్లు ఏరేసిన చేప లెక్క పిల్లలకు పెడుతున్నం. ముల్లు ఏంటిదో తెల్వనోడు రేపు ఏదో ఒక నాయకుని ఫోటోకు పాలాభిషేకం చేసుడే పౌరధర్మం అనుకుంటడు. చూస్తనే ఉన్నం కదా.

జైల్ల ఆళ్వారుస్వామి ఏం చేసిండంటె, పక్క మనుషులను చూసిండు. రాజకీయ ఖైదీలు తమ ముచ్చట తాము రాసుకునుడు మామూలే. ఈయన కండ్లు దొంగల మీద పడ్డయి. ఆకలికి దొంగతనం చేసినోడు, కోపానికి చెయ్యి లేపినోడు, ఏ తప్పు చేయకుంటనే ఇరికినోడు. జైలుకు రాకముందు వాళ్లు ఎవలు, ఎట్ల వచ్చిండ్రు, బయటకు పోతె వాళ్లను ఊరు మనిషి లెక్క చూస్తదా అని ఆలోచన చేసిండు. అదే తర్వాత 'జైలు లోపల' అని కథల పుస్తకమయింది. నా మటుకు నేను ఆయన పుస్తకాలల్ల దీనికే పెద్దపీట ఏస్త. ఒకడు తప్పు చేసిండని తెలిస్తె వాట్సాప్ గ్రూపుల వాని ఫోటో పెట్టి కొట్టుండ్రి, సంపుండ్రి అని రాసే కాలం మనది. ఐదేండ్లు వాళ్ల పక్కన పండుకొని, వాళ్లతోని తిని, వాళ్ల మీద అసహ్యం లేకుంట రాసుడు మాటలు కాదు.

'ప్రజల మనిషి' కూడ జైలు నుంచి బయటకు వచ్చినంక వచ్చిన నవలనే. 1940కి ముందటి తెలంగాణ పల్లె దాంట్ల ఉంటది. దొర, గడి, వెట్టి, భూములు గుంజుకునుడు, మతం మార్పిళ్లు, ఊర్లకు వచ్చిన ఆంధ్ర మహాసభ గాలి. కంఠీరవం అనే బీదింటి పిలగాడు జనం మనిషి ఎట్లయిండో చెప్తది. వాడు ఒక్కడే దొరను కొట్టి గెలుసుడు ఉండదు, సినిమా ఫైటు ఉండదు. ఊరు మెల్లమెల్లగ నోరు తెరుసుడు ఉంటది. అందుకే కొంతమందికి నవల నిదానం అనిపిస్తది, ఆ మాట కాదనలేం. భాష కూడ అన్ని తాన్ల మన యాస కాదు, పుస్తకాల తెలుగు ఎక్కువనే. కాని గడి లోపట ఏం జరిగేదో, పట్వారి కలం ఎట్ల తిరిగేదో తెల్సుకోవాలంటె దాన్ని మించింది తక్కువ.

మన ముచ్చటకు వద్దాం. తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడుండ్రి. గ్రంథాలయ పన్ను అని ఉంటది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. గ్రామ పంచాయతి గాని, మున్సిపాలిటి గాని ఆ పైసలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. అంటె లైబ్రరీ అనేది సర్కారు దయ తలిచి ఇచ్చేది కాదు, మీ అమ్మ బీడీలు చుట్టి కట్టిన పన్నుల భాగం. మీ మండలంల లైబ్రరీ ఏడుందో తెలుసా? తాళం ఎప్పుడు తీస్తరు? కానిస్టేబుల్ పరీక్షకు, గ్రూప్స్‌కు చదివే పిలగాండ్లు కూసుంటానికి కుర్చీలు ఉన్నయా? మీ పంచాయతి ఆ పైసలు కట్టిందా లేదా అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టొచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకు దానికి ఫీజు కూడ లేదు. ఆళ్వారుస్వామి కాలంల ఈ హక్కు లేదు. ఆయనకు ఉన్నది సంచి ఒక్కటే.

సార్లకు కూడ ఒక మాట. నవంబర్ 1 వచ్చినప్పుడు ఉపన్యాస పోటీ పెట్టకుండ్రి. పది మంది పిల్లలకు తలా ఒక పుస్తకం ఇచ్చి, సాయంత్రం వాళ్ల వాడకట్టుల ఎవలకన్న చదువు రాని పెద్దమనిషికి ఒక పేజీ చదివి ఇనిపించి రమ్మని చెప్పుండ్రి. తెల్లారి వచ్చి ఆ ముసలాయన ఏం అన్నడో క్లాసుల చెప్తరు. కొంతమంది చదవకుంటనే చదివినమని చెప్తరు, అది ఉండేదే. చదివిన ఇద్దరు ముగ్గురికి మాత్రం ఆళ్వారుస్వామి చేసిన పని ఏందో కాళ్లకు, గొంతుకు తెలుస్తది.

'ప్రజల మనిషి' తర్వాత ముచ్చట 'గంగు' నవలల రాయాలని కూసున్నడు. 1940 నుంచి అటెన్కటి తెలంగాణ, సంగం పెరిగిన కాలం, ఊరు ఎదురు తిరిగిన కాలం. తాను కండ్లార చూసిన కాలం, తాను జైలుకు పోయిన కాలం. జైళ్లు, తిరుగుడు, తిండి తిప్పలు ఒంటిని ఎప్పుడో పిండి ఏసినయి. 1961 ఫిబ్రవరి 5న గుండె ఆగిపోయింది. అప్పటికి ఆయనకు 45 ఏండ్లే. 'గంగు' సగంల ఆగింది. ఆయన పోయిన నాలుగేండ్లకు, 1965ల, ఆ సగం నవలను సగం లెక్కనే అచ్చేసిండ్రు.